సున్నయు మన గొప్పయు

మనవారి సభలలో గణితమును గూర్చి యెవరేమి మాటాడినను, ఉపన్యాసము ముగియులోపల నొక వాక్యము వినబడక తప్పదు. ప్రపంచమునకు సున్న నిచ్చినవారము మనమే యనునదియే యా వాక్యము. అది పలుకబడగానే సభవారు చప్పట్లు కొట్టుదురు. అధ్యక్షులవారు చిరునవ్వు నవ్వుదురు. అంతటితో గణితప్రసంగము ముగియును. ఆ సున్న యననేమి, అది యెట్లు రూపొందినది, దానితో నేమి చేయవచ్చును, ఏమి చేయరాదు అని యడుగువా రరుదు. అడిగినవారిని దేశాభిమానము లేనివారనుకొనువారు మాత్రము పెక్కురు. ఈ విషయమున మనమాడుకొను మాటలలో సగము తప్పులనియు, మిగిలిన సగమును అర్థము చేసికొనక వల్లించుచున్నామనియు చూపదలచి మేమీ వ్యాసమును వ్రాయుచున్నాము.

మొదటనే యొక సంగతి స్పష్టముగా చెప్పవలసియున్నది. సున్న విషయమున భారతీయుల ఘనతను తగ్గించుటకు మేము పూనుకొనలేదు. ఆ ఘనత నిజమైనది, గొప్పది. నిజమైన దానికి గిల్టునగలు తొడుగ నక్కరలేదనియే మా వాదము. గిల్టునగ వెలిసిన నాడు దాని క్రిందనున్న మేలిమిని కూడ లోకము శంకించును.

ఇంటింట పిల్లలకు నేర్పబడు మొదటి మాట, ఆర్యభటుడు సున్నను కనిపెట్టెను అనునది. ఆర్యభటుడు క్రీ. శ. 499 ప్రాంతమున ఆర్యభటీయమును రచించిన మహాగణకుడు. స్థానమునుండి స్థానమునకు విలువ పదిరెట్లగునని యాతడు చెప్పినది నిజమే. కాని యాతడు పెద్దసంఖ్యలను తెలుపుటకు అక్షరములను వాడెను. సున్నకొక గుర్తుగాని, సున్నతో చేయవలసిన కూడిక తీసివేతల సూత్రములుగాని యా గ్రంథమున లేవు. చేసిన పనికి ఆర్యభటుని పొగడుట చాలదని, చేయని పనిని గూడ నాతనికి అంటగట్టితిమి. దానివలన, ఆ పనిని నిజముగా చేసిన బ్రహ్మగుప్తుని పేరు మన యిండ్లలో వినబడనే వినబడదు.

ఈ తప్పునుండి మరియొక వింత ప్రశ్న పుట్టినది. సున్న లేనిదే పది లేదుగదా, అట్లయిన రావణుని పదితలల నెవరు లెక్కించిరి, కౌరవులు నూరుగురని యెట్లు తెలిసెను అని చేతిఫోనులలో సందేశములు పంపుకొని నవ్వుకొనువారున్నారు. సున్న వేదకాలమునుండియు నుండెననుటకు దీనినే సాక్ష్యముగా చూపు పండితులును కలరు. ఇందున్న పొరపాటేమి? లెక్కించుట వేరు, లెక్కను వ్రాయుట వేరు. పది యను తెలుగుమాటలో సున్న యెక్కడనున్నది? అక్షరము రాని గొల్లవాడు తన మందలో నూరు గొర్రెలున్నవో, తొంబదితొమ్మిదియే యున్నవో చెప్పగలడు. వానికి సున్నతో పనిలేదు. యజుర్వేదమున ఏకము, దశము, శతము మొదలుకొని పరార్ధమువరకు పదిరెట్లు చొప్పున పెరుగు సంఖ్యల పేర్లు కలవు. అంత పెద్దసంఖ్యలకు పేర్లు పెట్టుకొనుట ఆశ్చర్యకరమే. అయినను అవి పేర్లుగాని సున్నలు కావు. మన శాతవాహనుల కాలమున నానాఘాటు గుహలో చెక్కించిన శాసనమున యాగదక్షిణలుగా నిచ్చిన గోవులును, కార్షాపణములును వేలసంఖ్యలో చెప్పబడినవి. అచ్చట పదికొక గుర్తు, నూటికొక గుర్తు, వేయికొక గుర్తు కానవచ్చునే కాని సున్న కానరాదు. లెక్క తప్పలేదు, దానము నిలిచిపోలేదు. సున్న లేకుండ నొక సామ్రాజ్యమే నడచినదన్నమాట.

అట్లయిన సున్నతో పనియేమి? ఇచ్చటనే విషయము రసవత్తరమగుచున్నది. సున్న యని మనమనునది నిజముగా రెండు వస్తువులు. ఒకటి, ఖాళీస్థానమునకు గుర్తు. రెండవది, ఒక సంఖ్య. 205 అని వ్రాసినపుడు నడుమనున్న సున్న, పదుల స్థానమున నేమియు లేదని చెప్పుచున్నది. ఆ గుర్తు లేనిచో రెండువందల అయిదు కాస్తా యిరువదియైదగును. ఖాళీ విడిచి వ్రాయవచ్చును గదా యందురేమో! గంటము పట్టి తాటాకుపై వ్రాయువాడు ఎంత ఖాళీ విడువవలెను? రెండు స్థానములు వరుసగా ఖాళీ యైనచో నేమి చేయవలెను? ప్రతి వ్రాయు మరియొకడు ఆ ఖాళీని పాటింపడేని అప్పిచ్చినవాని గతియేమి? ఈ చిక్కును తీర్చునదే మొదటి సున్న.

ఈ మొదటి సున్నను కనిపెట్టినవారు మనమొక్కరమే కాము. బాబిలోనియావారు అరువది మూలముగా లెక్కలు వ్రాసికొనుచు, క్రీ. పూ. 300 ప్రాంతము నాటికి ఖాళీస్థానమునకు మట్టిపలకలపై రెండు వాలుగీతలను గుర్తుగా నుంచిరి. అయితే సాధారణముగా సంఖ్య నడుమనేకాని చివర దానిని వాడమి, ఒకటియు అరువదియు చూపునకొక్కటిగనే యుండెను. సందర్భమును బట్టి గ్రహింపవలసివచ్చెను. అలెగ్జాండ్రియావాసియగు టాలెమీ రెండవ శతాబ్దమున తన ఖగోళగ్రంథమున అట్టి ఖాళీకి చిన్న వలయము నుంచెను. మహాసముద్రమునకు ఆవల మధ్య అమెరికాలోని మాయాజాతివారు, మనతో నెట్టి రాకపోకలును లేకయే, తమ దినగణనమున శూన్యమునకు చిప్పనుబోలిన గుర్తు నొకదానిని వాడిరి. సున్న యంతయు మాదేయని చాటువారు ఈ మువ్వురను ఏ లెక్కలో వేయుదురు?

మనదేశపు సాక్ష్యములు వీనికి తీసిపోవునవి కావు. పింగళుని ఛందశ్శాస్త్రమున వృత్తభేదముల లెక్కించు సూత్రములలో శూన్యశబ్దము గుర్తుగా వచ్చుచున్నది. జైనుల లోకవిభాగమున శకవర్షము 380, అనగా క్రీ. శ. 458, అను కాలనిర్దేశము కలదు. అందు సంఖ్యలు స్థానక్రమమున మాటలతో చెప్పబడి, ఖాళీస్థానము శూన్యాదిపదములతో పూరింపబడినది. ఖము, అంబరము, గగనము, బిందువు, పూర్ణము అని మనవారు సున్నకు పెట్టిన పేర్లెన్నియో! గ్వాలియరులోని చతుర్భుజాలయమున 876వ సంవత్సరపు శాసనమొకటి కలదు. దేవాలయమునకు 187 మూరలు, 270 మూరలు కొలతలుగల పూదోట నిచ్చి, దినమునకు 50 పూలదండలు సమర్పించుటకు చేసిన యేర్పాటది. అచ్చట చిన్న వలయముగా చెక్కబడిన సున్నను నేటికిని ఎవరైనను చూడవచ్చును. పూలదండల లెక్కలో, తోట కొలతలో నది కానవచ్చుట గమనింపదగినది.

పరాయిదేశపు పండితులలో మన ఘనతను బొత్తిగా కాదన్నవారును లేకపోలేదు. జి. ఆర్. కే యను నాంగ్లేయుడు ఇరువదవ శతాబ్దారంభమున, ఈ అంకెల పద్ధతి భారతీయులది కాదనియు, గ్వాలియరు శాసనమునకు పూర్వపు సాక్ష్యములు నమ్మదగినవి కావనియు వాదించెను. ఆతనికి ప్రత్యుత్తర మెట్లు వచ్చెను? సభలలోని కేకలవలన రాలేదు. జార్జి సెదెస్ అను ఫ్రెంచి పండితుడు 1931లో కాంబోజదేశపు సంబోరు శాసనమును చూపెను. అందు శకవర్షము 605, అనగా క్రీ. శ. 683, అంకెలలో వ్రాయబడి, నడుమనున్న సున్న చుక్కగా చెక్కబడియున్నది. భారతీయ శకమును, భారతీయ అంకెల పద్ధతిని అనుసరించిన యా రాయి కే గారి వాదమును కూల్చినది. ఒక రాయి చేసిన పనిని వేయి ఉపన్యాసములు చేయజాలవని చదువరులు గ్రహింతురుగాక.

ఇటీవలి కథ యొకటి చెప్పెదము. పెషావరు ప్రాంతమున బక్షాలీ గ్రామమందు 1881లో నేలలో దొరికిన భూర్జపత్రగ్రంథమొకటి ఆక్స్‌ఫర్డులో నున్నది. అందు సున్న చుక్కగా వ్రాయబడినది. దాని పత్రములలో మూడింటిని 2017లో పరీక్షింపగా నొకటి మూడు నాలుగు శతాబ్దములది, ఒకటి యేడెనిమిది శతాబ్దములది, ఒకటి తొమ్మిది పది శతాబ్దములది యని తేలెను. వెంటనే పత్రికలు మొదటి పత్రమును మాత్రమే పట్టుకొని, సున్న వయస్సు అయిదువందలయేండ్లు పెరిగెనని చాటినవి. మనవారును పొంగిపోయిరి. కాని గణితచరిత్రకారులు ఆక్షేపించిరి: పత్రముల వయస్సు లెట్లున్నను వ్రాతయంతయు నొకే గ్రంథముగా కానవచ్చుచుండగా, అది తన పత్రములలో మిక్కిలి క్రొత్తదానికంటె ముందు వ్రాయబడుట యెట్లు? ఈ ఆక్షేపణ మన పత్రికలలో మొదటి వార్తకు వచ్చినంత చోటు సంపాదింపలేకపోయెను. మనకు ప్రియమైన సాక్ష్యమును పరీక్షింపకయే గైకొనుట, అప్రియమైన దానిని పరీక్షింపకయే త్రోసివేయుట, రెండును ఒకటే దోషము.

ఇక రెండవ సున్న సంగతి. గుర్తుగా నున్న సున్నను సంఖ్యగా చేసి, తక్కిన సంఖ్యలతో సమానముగా పీటవేసి కూర్చుండబెట్టినవాడు బ్రహ్మగుప్తుడు. నేటి రాజస్థానములోని భిల్లమాలలో, ముప్పదియేండ్ల ప్రాయమున, 628వ సంవత్సరమున ఆతడు బ్రహ్మస్ఫుటసిద్ధాంతమును రచించెను. ధనమనగా నున్న సొమ్ము, ఋణమనగా అప్పు, శూన్యమనగా సొమ్మును అప్పును సరిపోయిన స్థితి. ధనమునకు శూన్యమును కలిపిన ధనమే. ఋణమునకు కలిపిన ఋణమే. శూన్యమునుండి ధనమును తీసివేసిన ఋణము. శూన్యముతో దేనిని గుణించినను శూన్యమే. ఇట్టి సూత్రములు అంతకు పూర్వ మే గ్రంథమునను ఇంత పూర్ణముగా మనకు దొరకలేదు. మన ఘనత నిజముగా నున్నచోటిది. బాబిలోనియావారి వాలుగీతలతో నెవరును కూడిక చేయలేదు.

ఇచ్చట మేమొక వాదమును ఖండింపవలసియున్నది. బౌద్ధుల శూన్యవాదమునుండియో, ఉపనిషత్తుల పూర్ణభావమునుండియో గణితశూన్యము పుట్టినదని కొందరు గంభీరముగా చెప్పుచుందురు. వినుటకది మనోహరముగ నుండును. కాని యట్టి పుట్టుకకు గణితగ్రంథములలో సాక్ష్యము కానరాదు. బ్రహ్మగుప్తుడు వాడిన మాటలు ధనము, ఋణము. అవి సంత మాటలు, అప్పుపత్రముల మాటలు. మాధ్యమికుల శూన్యత ఏ వస్తువునకును స్వతస్సిద్ధమైన స్వభావము లేదను తత్త్వము. గణకుని శూన్యము ఏడునుండి యేడు పోగా మిగిలినది. పేరొకటైనంత మాత్రమున వస్తువొకటి కాదు. ఈ గందరగోళమువలన తత్త్వమునకును లాభము లేదు, గణితమునకును లేదు.

బ్రహ్మగుప్తుడును అన్నిట సరిగా చెప్పలేదు. శూన్యమును శూన్యముతో భాగించిన శూన్యమే యనెను. రెండువందలయేండ్ల తరువాత, రాష్ట్రకూటుడగు అమోఘవర్షుని కాలమున, మహావీరుడు గణితసారసంగ్రహమున, సంఖ్యను శూన్యముతో భాగించిన నది మారకుండునని వ్రాసెను. 1150 ప్రాంతమున భాస్కరాచార్యుడు తన బీజగణితమున, అట్టి భాగహారముయొక్క ఫలమును ఖహరమని పిలిచి, అది యనంతమని చెప్పెను. మహావీరుని మాటయు భాస్కరుని మాటయు ఒకదానితో నొకటి పొసగవు. నేటి సామాన్యగణితము అట్టి భాగహారమునే యొప్పుకొనదు. పండ్రెండును మూడుతో భాగించుటయనగా, ఏ సంఖ్యను మూడుతో గుణించిన పండ్రెండగునని యడుగుట. సున్నతో గుణించిన పండ్రెండగు సంఖ్య యేదియును లేదు గనుక పండ్రెండును సున్నతో భాగింపరాదు. సున్నను సున్నతో భాగింతుమన్నచో, ఏ సంఖ్యయైనను సరిపోవును గనుక జవాబు నిలువదు. ఇంత చిన్న యుక్తి చాలును.

ఈ తప్పులను చెప్పుట పూర్వులకు అపచారమని యెవరైన నందురేని, వారికి మా ప్రత్యుత్తరమిది. మహావీరుడు బ్రహ్మగుప్తుని మాటను అట్లే వల్లింపలేదు; భాస్కరుడు మహావీరుని మాటను తలదాల్చలేదు. ఒకరి తప్పు నొకరు దిద్దుచు, కొన్నియెడల తామును తప్పుచు, ఆ మహనీయులు ముందునకు సాగిరి. అదియే మన సంప్రదాయమైనచో, పూర్వులను ప్రశ్నింపరాదను నేటి మాట యే సంప్రదాయములోనిది?

ఈ సున్న మనయొద్దనుండి పోయిన త్రోవను గూడ నొకసారి చూతము. బాగ్దాదులో అల్ ఖ్వారిజ్మీ తొమ్మిదవ శతాబ్దమున హిందువుల లెక్కలను గూర్చి గ్రంథము వ్రాసెను. శూన్యమను మాటను అరబ్బులు సిఫ్ర్ అని తమ భాషలోనికి మార్చుకొనిరి. పీసానగరవాసి లియొనార్డో 1202లో తన గ్రంథమున హిందువుల తొమ్మిదంకెలను, ఈ గుర్తును ఐరోపావర్తకులకు బోధించెను. అక్కడను ఛాందసులు లేకపోలేదు: ఫ్లారెన్సులోని ద్రవ్యవినిమయ వర్తకుల సంఘము 1299లో ఖాతాలయందు ఈ అంకెలను వాడరాదని శాసించెను. అయినను వారిలో నేర్చుకొనువారు మానలేదు. ఎరువు తెచ్చుకొన్న సున్నతో వారు దశాంశములను సాగించిరి, చలనకలనమును నిర్మించిరి. లైబ్నిట్జు 1703లో సున్నయు ఒకటియు అను రెండంకెలతోనే సమస్తసంఖ్యలను వ్రాయు రీతిని ప్రకటించెను. నేటి కంప్యూటర్లన్నియు ఆ రెండంకెలపైననే నడచుచున్నవి. తెచ్చుకొన్నవారు దానిని పెంచిరి. ఇచ్చినవారమని చెప్పుకొను మనము దానిని చప్పట్లకు వాడుకొనుచున్నాము. తాత త్రవ్వించిన నూతిగట్టున కూర్చుండి, చేద వేయక, నీరు మాదేయని కేకలు వేయువానికి దాహమెట్లు తీరును?

తెలుగువారికి ఈ విషయమున ప్రత్యేకముగా సిగ్గుపడవలసిన కారణమున్నది. గర్వింపవలసిన కారణమును అదియే. పదునొకండవ శతాబ్దివాడని చెప్పబడు పావులూరి మల్లన, మహావీరుని గణితసారసంగ్రహమును తెలుగుపద్యములలోనికి తెచ్చెను. కావ్యభాష యింకను లేతగా నున్న దినములలోనే లెక్కలు తెనుగున చెప్పబడినవి. నేడు మన యిండ్లలో నన్నయ పేరు తెలియనివారు లేరు. మల్లన పేరు తెలిసినవారెందరు? మన కరణములు భిన్నములను నాలుగవ వంతుల క్రమమున, పాతికలుగాను, వీసములుగాను, ఇంకను చిన్న భాగములుగాను విభజించి వ్రాసికొనిరి. ఒక స్థానమున గీతలు నిలువుగా, తరువాతి స్థానమున అడ్డముగా వ్రాయుట యా పద్ధతి. ఒక తరహా స్థానము ఖాళీయైన సున్నయు, రెండవ తరహా స్థానము ఖాళీయైన హళ్లియు వ్రాయబడెడివి. సున్నకు సున్న, హళ్లికి హళ్లి యని నేటికిని మనమనుచున్నాము. ఆ మాటలో నొక లెక్కలపద్ధతి దాగియున్నదని యెరుగము. మన లిపిలోని నిండుసున్నకును అంకెయగు సున్నకును రూపము దాదాపొక్కటియే. ఇంతగా మన భాషలో, వ్రాతలో కలిసిపోయిన దానిని వాడుకమాటలలో నెట్లు వాడుచున్నాము? చదువురాని పిల్లవానిని వీడొక సున్న యని తిట్టుచున్నాము.

ఇక నింటి సంగతి. పదితో గుణింపవలెనన్న ప్రక్కన సున్న పెట్టుమని పిల్లలకు నేర్పుదురు. రెండున్నరను, అనగా 2.5 ను, పదితో గుణింపుమన్న పిల్లవాడు 2.50 అని వ్రాయును, దండనము పొందును. తప్పు పిల్లవానిది కాదు, కారణము చెప్పక సూత్రమును మ్రింగించినవారిది. నూటినుండి ముప్పదియేడు తీసివేయుమన్న, సున్న ప్రక్కింటనుండి అప్పు తెచ్చుకొనునని చెప్పుదురు. ఆ ప్రక్కింటనున్నదియు సున్నయే యైన నెవరెవరికిత్తురు? నూరురూపాయల నోటును పిల్లవాని చేతికిచ్చి, పది పదిరూపాయల నోట్లుగా మార్పించి, వానిలో నొకదానిని పది నాణెములుగా మార్పించినచో, తొమ్మిది పదులును, పది యొకట్లును వాని కంటియెదుట నుండును. మూడు పదులు, ఏడొకట్లు తీసివేసిన అరువదిమూడు మిగులును. ఏ తల్లియైన వంటింటినుండియే నేర్పగల పాఠమిది, మరవబడని పాఠము.

తల్లి యనగానే మరియొక మాట జ్ఞప్తికి వచ్చుచున్నది. పురుషుడొకటియనియు, స్త్రీ సున్నవంటిదనియు, ప్రక్కన నిలిచిననే యామెకు విలువయనియు చమత్కరించువారు కొందరున్నారు. వారికి నీతియు రాదు, లెక్కయు రాదు. ఒకటి యెడమప్రక్క నున్న యొక సున్న కుడిప్రక్కకు వచ్చిన మాత్రమున పదిరెట్లయినది యొకటియే. అట్లయిన నెవరివలన నెవరికి విలువ? అయినను మనుష్యులు అంకెలు కారు. ఆడుబిడ్డ తనంతట తానొక పూర్ణసంఖ్య. భాస్కరాచార్యుని లీలావతిలో లెక్కలు బాలనుద్దేశించి యడుగబడినవి. ఆమె ఆతని కుమార్తెయనియు, ముహూర్తము తప్పి పెండ్లి నిలిచిపోయెననియు చెప్పు కథ, 1587లో ఫైజీ చేసిన పారసీకానువాదమున కానవచ్చునే కాని మూలమున లేదు. మనమాకథను మాత్రము కన్నీటితో చెప్పుకొందుము. మూలమున ప్రతిపుటయందును నున్న ప్రశ్నలను మన కూతుండ్ర నడుగుట మరచితిమి. ఆడుపిల్లకు లెక్కలేల, సంసారపు పద్దు వ్రాయుటకు ఉన్నది చాలదా యనుమాట నేటికిని చదువుకొన్నవారి యిండ్లలోనే వినబడుచున్నది. బ్రహ్మగుప్తుని శూన్యము పద్దునుండియే వచ్చినదని యట్టివారికి తెలియదు.

కావున సోదరీసోదరులారా, మేము కోరునది పెద్దదేమియు కాదు. సున్న మాది యని చెప్పుకొనుటకు ముందు, సున్నతో నెందుకు భాగింపరాదో మన బిడ్డకు చెప్పగలమాయని ప్రతి గృహస్థుడును, ప్రతి గృహిణియు తమ్ముతాము ప్రశ్నించుకొనవలెను. చెప్పలేకున్న నేర్చుకొనవలెను. బిడ్డతో కలిసి నేర్చుకొన్నను లోపము లేదు. ఆర్యభటుని ఆర్యభటునిగాను, బ్రహ్మగుప్తుని బ్రహ్మగుప్తునిగాను గౌరవింపవలెను. బాబిలోనియావారికి, మాయావారికి వారి భాగము వారికీయవలెను. పాఠశాలలో మీ కూతురు సున్నను గూర్చి యేదైన ప్రశ్న వేసినదని తెలిసిన నాడు, ఆ ప్రశ్నకు జవాబు దొరకువరకు ఆమెతో కూర్చుండుడు. సభలో వేయి చప్పట్లకంటె నదియే బ్రహ్మగుప్తునికి మనము చెల్లింపగల ఋణము.